ఒక తుపాకీ... అయిదు విద్యలు!

‘లాక్, స్టాక్ అండ్ బ్యారెల్’... మూటాముల్లె సహా మొత్తం అని చెప్పడానికి ఇంగ్లిష్‌లో వాడే మాట. నిజానికి అవి పాతకాలం తుపాకీలోని మూడు భాగాలు. ఆ మూడింటినీ ఒకే మనిషి, ఏ కరెంటు యంత్రం సాయమూ లేకుండా, ఇనుప పట్టీని కాల్చడం దగ్గర్నుంచి వెండి మీద నగిషీ చెక్కడం దాకా సొంత చేతులతో చేస్తే? నేర్పే గురువులు ఎప్పుడో పోయారు. రాసిపెట్టిన పాఠాలూ పెద్దగా లేవు. అయినా అరవయ్యేళ్ల కిందట అమెరికాలో ఒకాయన ఆ విద్యను మళ్లీ బతికించారు.

కొలిమిలో ఇనుప పట్టీ తెల్లగా మెరుస్తోంది. తలకు పాతకాలపు కట్టు, ఒంటికి తోలు ఏప్రాన్‌తో ఉన్న మనిషి దాన్ని పట్టకారుతో బయటికి లాగి దాగలి మీద పెట్టాడు. సుత్తి దెబ్బలు గబగబా పడుతున్నాయి. ఇనుము తెలుపు తగ్గి ఎర్రబడేలోపు అతుకు పడాలి. ఉన్నది కొన్ని క్షణాలే. చూడ్డానికి పద్దెనిమిదో శతాబ్దంలా ఉంటుంది కానీ, ఇది 1969లో వచ్చిన ఓ డాక్యుమెంటరీలోని దృశ్యం. పేరు ‘గన్‌స్మిత్ ఆఫ్ విలియమ్స్‌బర్గ్’. వ్యాఖ్యానం చెప్పింది ఆ రోజుల్లో అమెరికా ఇంటింటా తెలిసిన టీవీ న్యూస్ రీడర్ డేవిడ్ బ్రింక్లీ. తెరమీద సుత్తి పట్టుకున్నది వాలెస్ గస్లర్.

గస్లర్ పుట్టి పెరిగింది వర్జీనియా కొండల్లో. కుర్రతనం నుంచే పాత తుపాకులంటే పిచ్చి. ఆ ఇష్టమే ఆయన్ని విలియమ్స్‌బర్గ్‌కి చేర్చింది. 1699 నుంచి 1780 వరకూ వర్జీనియాకు రాజధాని ఆ ఊరు. రాజధాని తరలిపోయాక కళ తప్పింది. 1926లో స్థానిక చర్చి మతగురువు గుడ్విన్ పట్టుదల, కోటీశ్వరుడు జాన్ డి.రాక్‌ఫెల్లర్ జూనియర్ డబ్బూ కలిసి దాన్ని మళ్లీ పాతరూపానికి తెచ్చే పని మొదలుపెట్టాయి. ఇప్పుడు అక్కడ వీధుల్లోకి వెళితే రెండున్నర శతాబ్దాలు వెనక్కి వెళ్లినట్టే ఉంటుంది. కమ్మరి, అచ్చువేసేవాడు, చెప్పులు కుట్టేవాడు, విగ్గులు చేసేవాడు... అందరూ అప్పటి దుస్తుల్లో, అప్పటి పనిముట్లతో, అప్పటిలాగే పనిచేస్తూ కనిపిస్తారు. అక్కడి తుపాకుల దుకాణంలో తొలి మాస్టర్ గస్లరే.

ఆ వీధుల్లో ఒకప్పుడు నిజంగానే తుపాకులు చేసేవాళ్లుండేవారు. డేవిడ్, విలియం గెడ్డీ అనే అన్నదమ్ములు తాము తుపాకుల పని, కత్తుల పని, పోత పనీ చేస్తామని 1751లోనే పత్రికలో ప్రకటన ఇచ్చుకున్నారు. అయితే వాళ్లు ఆ పని ఎలా చేసేవారో అడిగి తెలుసుకుందామంటే చెప్పేవారు లేరు.

పొట్టి తుపాకీ పొడుగైంది

ఇంతకీ ఏమిటా తుపాకీ? దాన్ని అమెరికాలో ‘లాంగ్‌రైఫిల్’ అంటారు. మందూ గుండూ రెండూ గొట్టం మూతి నుంచే కూరాలి కాబట్టి ముజిల్‌లోడర్. మన అడవి పల్లెల్లో నాటు తుపాకీ అంటామే, ఆ జాతిదే. కాకపోతే ఇది రాజాలాంటి చుట్టం!

పద్దెనిమిదో శతాబ్దం తొలినాళ్లలో జర్మనీ, స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్లు పెన్సిల్వేనియాలో స్థిరపడ్డారు. వేటకోసం వాడే పొట్టి ‘యేగర్’ రైఫిళ్ల తయారీ వాళ్లకు తెలిసిన పని. కొత్త దేశంలో అడవులు పెద్దవి. సీసం, మందు దొరకడం కష్టం. దాంతో గుండు చిన్నదైంది, గొట్టం సన్నబడి మూడున్నర అడుగుల దాకా సాగింది. చుట్టుపక్కల దొరికే మేపుల్ కర్ర దానికి ఒళ్లయింది. లాంకాస్టర్‌లో జాకబ్ డికర్ట్‌లాంటి పనివాళ్ల పేర్లు రైఫిళ్ల పేర్లే అయిపోయాయి.

మామూలు మస్కెట్ తుపాకీ వంద గజాలు దాటితే గురి చెప్పలేం. రైఫిల్ రెండొందల గజాల్లోనూ గురి తప్పదని పేరు. 1780లో కింగ్స్ మౌంటెన్ యుద్ధంలో కొండప్రాంతపు రైతులూ వేటగాళ్లూ బ్రిటిష్ పక్షం సేనను ఓడించింది ఈ రైఫిళ్లతోనే. 1815 న్యూ ఆర్లియన్స్ యుద్ధం తర్వాత కెంటకీ వేటగాళ్ల మీద వచ్చిన పాట ఊరూరా మారుమోగడంతో, పెన్సిల్వేనియాలో పుట్టిన ఈ తుపాకీకి ‘కెంటకీ రైఫిల్’ అనే పేరు స్థిరపడింది.

ఆ తర్వాత నిప్పురాయికి బదులు పెర్కషన్ క్యాప్‌లొచ్చాయి. వెనకనుంచి తూటా పెట్టే తుపాకులొచ్చాయి. ఫ్యాక్టరీలొచ్చాయి. కొండల్లో అక్కడక్కడా కొన్ని కుటుంబాలు తప్ప చేత్తో చేసేవాళ్లు మిగల్లేదు. తుపాకులు మ్యూజియంలకెక్కాయి, విద్య మట్టిలో కలిసింది.

మన ఊళ్లలో పంచవృత్తులంటారు. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి. లాంగ్‌రైఫిల్‌ను మొదటినుంచీ చివరిదాకా చేయాలంటే ఈ అయిదుగురూ ఒక్కడిలోనే ఉండాలి. నిజానికి అప్పట్లో కూడా చాలామంది లాక్‌ను ఇంగ్లండ్ నుంచో జర్మనీ నుంచో తెప్పించుకునేవారు, గొట్టాన్ని బయట కొనేవారు. అన్నీ సొంతంగా చేసుకునే పనివాడు ఆ రోజుల్లోనూ అరుదే. గస్లర్ పట్టుకున్నది ఆ అరుదైన దారిని.

కమ్మరి... గొట్టంలో ప్రాణం

గొట్టం అంటే కడ్డీకి రంధ్రం పెట్టడం కాదు. పొడవాటి ఇనుప పట్టీని తీసుకుని, మధ్యలో ఒక చువ్వ పెట్టి దాని చుట్టూ గొట్టంలా వంచాలి. అంచులు రెండూ కలిసేచోట వెలిగారమో ఇసుకో చల్లి తెల్లటి వేడికి తెచ్చి అతకాలి. ఒక్కో వేడికి రెండు మూడు అంగుళాలే. వెంటనే లోపలి చువ్వను లాగేయాలి, లేదంటే అదీ అతుక్కుపోతుంది. వేడి చాలకపోతే అతుకు పడదు. ఎక్కువైతే నిప్పురవ్వలు చిమ్ముతూ ఇనుమే కాలిపోతుంది. థర్మామీటరు లేదు, రంగు చూసి పట్టుకోవాల్సిందే.

ఇందులో తప్పు జరిగితే పైకి కనిపించదు. సరిగా పడని అతుకు లోపలే దాగి ఉంటుంది. మందు పేలినప్పుడు ఆ గొట్టం కాల్చేవాడి చెంపకు జానెడు దూరంలో ఉంటుంది. అందుకే తుపాకీ ఎవరి చేతికైనా ఇచ్చేముందు మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి, దూరం నుంచి పేల్చి పరీక్షించేవారు. అతుకు నిలిచిందా, పని నిలిచినట్టు. లేకపోతే మళ్లీ కొలిమి దగ్గరికే.

తర్వాత వరసగా బరమాలు తిప్పుతూ లోపలి రంధ్రాన్ని నునుపు చేస్తారు. గొట్టం తిన్నగా ఉందో లేదో తెలుసుకునే పద్ధతి భలే ఉంటుంది. లోపలినుంచి సన్నటి దారం బిగించి కట్టి, వెలుతురువైపు పెట్టి ఒంటికన్నుతో చూస్తారు. దారానికీ గొట్టం గోడకూ మధ్య ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ వంకర ఉన్నట్టు. ఆ చోట సుత్తితో చిన్న దెబ్బ! బయటివైపు ఆకురాయితో ఎనిమిది పలకలుగా తీరుస్తారు.

రైఫిల్‌ను రైఫిల్ చేసేది లోపల మెలితిరిగిన గాళ్లు. గుండు వాటివెంట గిరగిరా తిరుగుతూ బయటికొస్తుంది, బొంగరంలా నిలకడగా వెళుతుంది. మెలికల గాడులున్న పొడవాటి కర్ర దుంగ, దాని చివర రంపంపళ్లలాంటి చిన్న కత్తెర... ఇదే యంత్రం. ముందుకు తోయడం, వెనక్కి లాగడం. ఒక్కో లాగుకీ వెంట్రుకవాసి ఇనుము రాలుతుంది. కోత ఇంకాస్త లోతు కావాలంటే? కత్తెర కింద చిన్న కాగితంముక్క పెడతారు. అంతే! సాధారణంగా ఏడు గాళ్లు, దాదాపు 48 అంగుళాలకు ఒక చుట్టు.

రాయీ ఇనుమూ రాజుకుంటే...

లాక్ అంటే తాళం కాదు, నిప్పు పుట్టించే యంత్రాంగం. దవడల్లో చెకుముకి రాయి పట్టుకున్న ‘కాక్’ ట్రిగ్గర్ నొక్కగానే ముందుకు దూకి ఉక్కు రేకును గీరుతుంది. రవ్వలు చిన్న పళ్లెంలోని మందు మీద పడతాయి. ఆ మంట పక్కనున్న సన్నటి రంధ్రంలోంచి గొట్టంలోకి పాకుతుంది. పళ్లెంలో మంట వచ్చి గొట్టం పేలకపోతే ‘ఫ్లాష్ ఇన్ ద పాన్’. మూణ్నాళ్ల ముచ్చటని చెప్పడానికి ఇప్పటికీ వాడే మాట అదే. కాక్‌ను సగమే ఎత్తి ఉంచితే తుపాకీ పేలకూడదు. పేలితే ‘హాఫ్ కాక్‌డ్’. తయారుకాకుండానే తొందరపడేవాళ్లను అందుకే అలా అంటారు.

వేలెడంత భాగాలు... ఒక్కోటీ కొలిమిలో కొట్టి, ఆకురాయితో అరగదీసి చేయాలి. స్ప్రింగును కాల్చి ముంచి గట్టిపరచాలి, మళ్లీ కాస్త కాచి మెత్తబరచాలి. ఎక్కువ గట్టిపడితే ఫట్‌మని విరుగుతుంది, మెత్తబడితే వంగిపోతుంది. పంచవృత్తుల్లో రాతిపనొక్కటే ఇక్కడ లేదనుకుంటాం కానీ, సానబట్టినట్టు అంచు తీరిన చెకుముకి లేకపోతే ఈ హంగంతా ఉట్టి కర్రే!

కర్ర మీద ఆకులు

ఇక వడ్రంగి పని. ఏళ్లపాటు ఆరిన మేపుల్ పలకలో గొట్టానికి పడక తొలవాలి. గొట్టానికి దీపం మసి పూసి కర్రలోకి నొక్కుతారు. మసి అంటినచోటే ఉలితో గీకుతారు. మళ్లీ మసి, మళ్లీ ఉలి. పని పూర్తయ్యేసరికి గొట్టం పక్కన కర్ర మందం రెండు మూడు మిల్లీమీటర్లే మిగులుతుంది. గుండును లోపలికి దట్టించే కడ్డీ కోసం గొట్టం కిందుగా పొడవునా సన్నటి రంధ్రం తొలచడం మరో గండం. బరమా కాస్త దారితప్పినా పక్కకు పొడుచుకొస్తుంది. వారాల శ్రమ పొయ్యిలోకే.

ఆ తర్వాత చెక్కడం. చెంప ఆనించేచోట, లాక్ చుట్టూ, మడమ దగ్గర ఫ్రెంచ్ రొకోకో పద్ధతిలో తీగలూ మెలికలూ ఆకులూ. పువ్వు పైకి ఉబ్బినట్టుంటుంది కానీ, ఏదీ అతికించింది కాదు. పువ్వును వదిలి చుట్టూ ఉన్న కర్రను మిల్లీమీటరు లోతున తీసేస్తారు. అంటే ఆ ఆకు ఎక్కడ రావాలో కర్రను మొదట తీర్చేటప్పుడే తెలిసుండాలి. తీసిన కర్రను మళ్లీ పెట్టలేరు. ఇనుము కరిగించిన నత్రికామ్లం పూసి వేడి చూపిస్తే పాలిపోయిన మేపుల్ ఎర్రటి గోధుమరంగుకు తిరిగి, లోపలి చారలు పులి ఒంటిమీద వాటిలా పైకి తేలతాయి. దానిమీద అవిసెనూనె మెరుగు.

ఇత్తడి భాగాలు కంచరి వంతు. మూసలో కరిగించిన ఇత్తడిని ఇసుక అచ్చుల్లో పోసి మడమ పలక, ట్రిగ్గర్ కాపు చేస్తారు. జిడ్డుగుడ్డ ముక్కలు దాచుకునే చిన్న పెట్టెకు ఇత్తడి మూత. గుండుకు ఆ గుడ్డ చుడితేనే అది గాళ్లను గట్టిగా పట్టుకుంటుంది. చివరికి కంసాలి. ఇత్తడి మూత మీద, కర్రలో పొదిగిన వెండి నక్షత్రం మీద సన్న ఉలితో తీగలు చెక్కుతారు. కొట్టేది ఇనుప దాగలి మీద సమ్మెటతో మొదలుపెట్టిన చేయే. ఇప్పుడు ఊపిరి బిగబట్టి వెంట్రుకంత గీత గీయాలి.

నగిషీ తుపాకులు మనకూ కొత్త కాదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో అలాంటి పనితనం చూడొచ్చు. అవి నవాబుల దర్పానికి చేసినవి. లాంగ్‌రైఫిల్ కొన్నవాళ్లలో అడవి అంచున మొక్కజొన్న పండించుకునే రైతులూ ఉన్నారు. ఇంట్లో ఉన్న అందమైన వస్తువు బహుశా అదొక్కటే!

గురువు లేని పాఠం

ఇవన్నీ ఎవరు నేర్పారు? పాత తుపాకులే. విప్పి చూస్తే కర్ర లోపల, ఎవరూ చూడని చోట, ఉలి జాడలు అలాగే ఉంటాయి. ఏ వెడల్పు ఉలి, ఎటునుంచి ఎటు నడిచింది, ఎక్కడ ఆగింది... ఆ గీతలే అక్షరాలు. చదివి, కొలిమి దగ్గర చేసి చూసి, తప్పితే మళ్లీ చేసి నేర్చుకోవాలి. ఆ చూపు గస్లర్‌ను ఇంకా ముందుకు తీసుకెళ్లింది. తర్వాత ఆయన విలియమ్స్‌బర్గ్‌లోనే క్యూరేటర్ అయ్యారు. తూర్పు వర్జీనియా పాత ఫర్నిచర్ మీద 1979లో పుస్తకం రాశారు.

ఇలాంటి ఆరాటమే మరికొందరిదీ. ముజిల్‌లోడర్ల అభిమానులు 1933లోనే జాతీయ సంఘం పెట్టుకున్నారు. జార్జియా కొండప్రాంతంలో హైస్కూలు పిల్లలు ఊళ్లో ముసలివాళ్ల దగ్గరికెళ్లి పాత విద్యల్ని రాసి తెచ్చేవారు. అలా పుట్టిన ‘ఫాక్స్‌ఫైర్’ పుస్తకాల్లో 1979లో వచ్చిన అయిదో భాగంలో కమ్మరం, చెకుముకి రైఫిళ్ల తయారీ ఉన్నాయి.

అమెరికా ఫెడరల్ చట్టం ఇలాంటి ముజిల్‌లోడర్లను పురాతన వస్తువుల కోవలో చూస్తుంది. మన దగ్గర మాత్రం లైసెన్సు లేకుండా తుపాకీ చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం, అది నాటుదైనా సరే. తుపాకీ మాటెలా ఉన్నా, ఈ కథలో మనకు తగిలే సంగతి ఒకటుంది. మన ఊళ్లలోనూ కొలిములు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. వస్తువును మ్యూజియంలో దాచుకోవచ్చు. దాన్ని చేసే చేతిని దాచుకోవాలంటే మరో చేతికి అందించడమొక్కటే మార్గం.

విలియమ్స్‌బర్గ్‌లో ఆ దుకాణం నేటికీ నడుస్తోంది. కొత్తగా చేరిన శిష్యులు ఏళ్ల తరబడి ఇనుమూ కర్రా ఇత్తడీ నేర్చుకుంటారు. వందల గంటల పని ముగిశాక ఆఖరున మిగిలేది ఒక్కటే... పాతకాలం పనివాళ్లలా గొట్టం పైపలక మీద తన పేరు చెక్కుకోవడం. లోపలి అతుకు మీద తనకే నమ్మకం లేనివాడు ఆ పని చేయలేడు.