డబ్బు దిగులు, పాడి పని: బట్వాడా తేదీ ఎందుకు ముఖ్యం?

సంఘంలో పాల సేకరణ తగ్గినప్పుడు పాలకవర్గం వారు సాధారణంగా నాలుగు కారణాలు చూస్తారు: మేత కొరత, దాణా ధర, పశువుల జబ్బులు, ప్రైవేటు కొనుగోలుదారుల పోటీ. ఈ నాలుగూ నిజమైనవే. కాని ఐదవ కారణం ఒకటి ఉన్నది. అది తనిఖీ నివేదికలోని ఏ గడిలోనూ ఇమడదు. అది పాలు పితికే మనిషికి, పాలు పరీక్షించే మనిషికి గల డబ్బు దిగులు.

దిగులు వలన ఆరోగ్యం చెడుతుందని అందరికీ తెలుసు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది అది కాదు. దిగులు ముందుగా పనిలోని చూపును తీసుకొనిపోతుంది. మనిషి కొట్టంలోనే ఉంటాడు, చేయి పని చేస్తూనే ఉంటుంది, కాని గమనించవలసినది గమనించడు. బయటివారికి అది సోమరితనంగా, నిర్లక్ష్యంగా కనబడుతుంది. మాకూ అలాగే కనబడింది. అందువలన జరిగిన ఒక పొరపాటును కూడ ఈ వ్యాసంలో దాచకుండా చెబుతున్నాము.

సోమందేపల్లి ఇంటి ఆదాయం

పెనుకొండ, హిందూపురం మధ్య జాతీయ రహదారి మీద ఉన్న సోమందేపల్లిని ఉదాహరణగా తీసుకుందాము. ఒకప్పుడు అనంతపురం జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమ ఇది. మెట్ట పొలంలో వేరుశనగ, కొన్ని ఇండ్లలో పట్టుమగ్గం, దొడ్డిలో ఒకటి రెండు ఆవులో ఎనుములో. ఈ మూడింటి మీద సంసారాలు నడుస్తాయి.

ఈ మూడు ఆదాయాలూ ఒకే రీతిగా రావు. వేరుశనగ డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది, అదీ వాన దయ ఉంటేనే. మగ్గం కూలి చీర దిగిన తరువాత వస్తుంది. పాల డబ్బు ఒక్కటే తేదీ ప్రకారం ఇంటికి చేరగల ఆదాయం. జూన్, జూలై నెలలలో విత్తనం కొనాలి, సేద్యం ఖర్చు పెట్టాలి, పిల్లల బడి ఫీజులు కట్టాలి. చేలో నుంచి రూపాయి రావడానికి అక్టోబరు, నవంబరు వరకు ఆగాలి. ఈ నడిమి నెలలలో ఇల్లు నడిపేది పాల బిల్లు. ఆ బిల్లు కూడ ఎప్పుడు వస్తుందో తెలియనప్పుడు మనిషి మనసు ఎక్కడ ఉంటుందో పాలకవర్గం వారే ఊహించుకోవచ్చు.

పాడిలో చూపు ఎక్కడ అవసరం?

పాడి బరువు పని కంటే గమనింపు పని. రెండు ఉదాహరణలు చాలును.

మొదటిది ఎద. ఆవు దాదాపు 21 రోజులకు ఒకసారి ఎదకు వస్తుంది. ఆ లక్షణాలు కనబడే కాలం ఒక పూట నుంచి పద్దెనిమిది గంటల లోపే. అరవడం, మేత తగ్గించడం, తక్కిన పశువుల మీదికి ఎక్కడం, మానం నుంచి తీగ వంటి జిగురు కారడం గుర్తులు. ఎనుములో ఈ గుర్తులు ఇంకా తక్కువగా కనబడతాయి. ఉదయం కనిపెడితే సాయంత్రానికి, సాయంత్రం కనిపెడితే మరునాటి ఉదయానికి సూది వేయించాలి. ఈ ఒక్క పూట చూపు తప్పితే మళ్ళీ 21 రోజులు ఆగవలసిందే.

దీని ఖర్చు ఎంతో లెక్క కట్టి చూడండి. వట్టిపోయిన ఆవుకు రోజుకు 150 రూపాయల మేత, దాణా అనుకుంటే 21 రోజులకు 3,150 రూపాయలు. అదే రైతు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 10,000 రూపాయలు తెచ్చి ఉంటే నెల వడ్డీ 300 రూపాయలు. ఆ 300 కోసం పడే దిగులులో ఈ 3,150 జారిపోతుంది. వడ్డీ షావుకారు పుస్తకంలో కనబడుతుంది. తప్పిపోయిన ఎద ఏ పుస్తకంలోనూ కనబడదు.

రెండవది పాలు పితకడం. పొదుగు కడిగి, చన్నులు నిమిరిన తరువాత ఆవు చేపుతుంది. శరీరంలో ఆక్సిటోసిన్ అనే రసం ఊరడం వలన ఇది జరుగుతుంది. ఆ రసం ప్రభావం కొద్ది నిమిషాలే. ఆ వ్యవధిలో నెమ్మదిగా, నిలుపకుండా పాలు తీయాలి. పితికే మనిషి విసుగుతో అదిలించినా, కొట్టినా పశువు బెదిరి చేపు ఆగిపోతుంది. తొందరలో చివరి ధారలు తీయకుండా లేచిపోయిన యెడల నష్టం రెండింతలు. వెన్న ఎక్కువగా ఉండేది ఆ చివరి ధారలలోనే. కేంద్రంలో శాతం తక్కువ వచ్చినప్పుడు సభ్యుడు పరీక్షకుని అనుమానిస్తాడు, పరీక్షకుడు సభ్యుని అనుమానిస్తాడు. కొన్నిసార్లు తప్పు ఇద్దరిదీ కాదు. ఉదయం ఐదు గంటలకు వాకిట్లో నిలబడి వెళ్ళిన అప్పులవానిది.

మేము చేసిన పొరపాటు

సుమారు పాతికేళ్ళ క్రిందటి మాట. అప్పటికి ఇప్పటి యంత్రాలు రాలేదు. గెర్బర్ పద్ధతిలో, ఆమ్లం పోసి గొట్టాలు త్రిప్పి, వెన్నశాతం చూచేవారు. మా పరిధిలోని ఒక సంఘానికి తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యులు పరీక్షకుని మీద ఫిర్యాదు చేశారు. రిజిస్టరు చూచాము. ఫిర్యాదు నిజమే. 17వ నంబరు సీసా శాతం 18వ నంబరు సభ్యునికి పడింది. ఒక రోజు ఒక వరుస అంతా ఒక గడి క్రిందికి జరిగింది. మోసం చేసిన జాడ ఎక్కడా లేదు. ఎవరికీ లాభం కలగని తప్పులు అవి. మేము నివేదికలో "పరీక్షకుడు విధి నిర్వహణలో అజాగ్రత్తగా ఉన్నాడు" అని వ్రాశాము. పాలకవర్గం అతనిని తొలగించింది.

అదే నివేదికలో మరొక పుటలో, జీతాల పద్దు క్రింద, "నాలుగు నెలల జీతం బకాయి" అని కూడ మేమే వ్రాశాము. రెండు పుటలూ మా చేతి వ్రాతలోనే ఉన్నవి. రెండింటినీ కలిపి చదువలేదు.

కొత్తగా వచ్చిన పరీక్షకుడు రెండు నెలలు చక్కగా పని చేశాడు. తరువాత అతని జీతమూ ఆగింది. మరుసటి తనిఖీలో అతని రిజిస్టరులోనూ అవే తప్పులు కనబడినవి. అప్పుడు మాకు తెలిసింది. మొదటి అతని గూర్చి విచారించగా, సంసారంతో సహా బెంగుళూరుకు పనికి వెళ్ళిపోయాడని చెప్పారు. మా రిమార్కును అతని ఎదుట సరిదిద్దుకునే వీలు కలుగలేదు. ఆనాటి నుంచి ఏ సంఘానికి వెళ్ళినా, తప్పుల పట్టిక చూచే ముందు చెల్లింపుల పట్టిక చూడడం మేము అలవాటు చేసుకున్నాము.

పరిశోధకుల పరిశీలనలు

మా అనుభవం ఒక్కటే అయితే దీనిని వ్యాసంగా వ్రాసేవారము కాము. మన పొరుగు రాష్ట్రాలలోనే దీని మీద పరిశోధన జరిగింది.

తమిళనాడులో విల్లుపురం, తిరువణ్ణామలై జిల్లాలకు చెందిన 464 మంది చెరకు రైతులను ఆనందీ మణి, సెంథిల్ ముల్లైనాథన్, మరి ఇద్దరు పరిశోధకులు పరిశీలించారు. ఫలితాలు 2013లో ప్రచురితమైనవి. చెరకు రైతుకు డబ్బు ఒకేసారి వస్తుంది. కోతకు ముందు తాకట్లు, అప్పులు ఎక్కువ. కోత తరువాత చేతిలో డబ్బు ఉంటుంది. అదే రైతుకు కోతకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి బుద్ధికి సంబంధించిన చిన్న పరీక్షలు పెట్టారు. కోతకు ముందు తప్పులు ఎక్కువ వచ్చినవి, జవాబు ఆలస్యమైనది. మనిషి మారలేదు, చదువు మారలేదు. మారినది చేతిలోని డబ్బు మాత్రమే.

ఈ విషయంలో భిన్నాభిప్రాయం లేకపోలేదు. అమెరికాలో జీతం రోజుకు ముందు, తరువాత జరిపిన మరొక పరిశీలనలో బుద్ధి పరీక్షలలో అటువంటి తేడా కనబడలేదని 2016లో ప్రకటించారు. కనుక పరీక్షల మాట ఉంచి, పని మాట చూడడం మంచిది.

అటువంటి పరిశీలన ఒడిశాలో జరిగింది. సుప్రీత్ కౌర్, ముల్లైనాథన్, మరి ఇద్దరు దీనిని 2021లో వెలువరించారు. ఆకులతో విస్తళ్ళు కుట్టే కూలివారు 408 మంది. ఎన్ని కుడితే అంత కూలి. కొందరికి కూలిలో పెద్ద భాగం గడువు కంటే కొద్ది రోజులు ముందుగా చేతికి ఇచ్చారు. తక్కినవారికి చివరి రోజున ఇచ్చారు. కూలి రేటు ఒకటే. తేడా ఇచ్చిన తేదీలో మాత్రమే. డబ్బు అందినవారు అప్పులు తీర్చుకోవడం మొదలుపెట్టారు. మరునాటి నుంచి వారు గంటకు చేసే పని సుమారు 7 శాతం పెరిగింది. ఎక్కువ పేదవారిలో పెరుగుదల ఇంకా ఎక్కువ. కుట్టులో తప్పులు కూడ తగ్గినవి.

దీనిని మన మగ్గం ఇండ్లవారికి వివరించనక్కరలేదు. మనసు ఇంకెక్కడో ఉన్నప్పుడు తెగిన పోగు కంటికి కనబడదని, అది చీర మీద లోపంగా నిలిచిపోతుందని వారికి తెలుసు. పాలకవర్గం వారు ముఖ్యంగా గమనించవలసినది ఇది: ఆ పరిశీలనలో పని పెరగడానికి అదనంగా ఒక్క రూపాయి కూలి పెంచలేదు. రావలసిన డబ్బునే ముందుగా ఇచ్చారు.

సంఘాలు చేయగలిగినవి

"దిగులు పడకండి" అని సభ్యులకు చెప్పడం వలన ప్రయోజనం లేదు. అప్పు నిజమైనది, కనుక దిగులూ నిజమైనదే. సభ్యుని అప్పు తీర్చడం సంఘం వల్ల కాదు. కాని సంఘం వలన కలిగే దిగులును తీసివేయడం పూర్తిగా సంఘం చేతిలోని పని. గుజరాత్‌లో 1946లో ఏర్పడిన ఖేడా జిల్లా సంఘం క్రింది గ్రామ సంఘాలు ఉదయం పాలకు సాయంత్రమే డబ్బు ఇచ్చే పద్ధతితో సభ్యుల నమ్మకం సంపాదించినవి. మనము పది రోజులకో పదిహేను రోజులకో బట్వాడా చేయవచ్చు. తేదీ మాత్రం తప్పరాదు.

1. బట్వాడా తేదీలు తీర్మానం ద్వారా నిర్ణయించి, కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో వ్రాయించాలి.

2. తప్పనిసరిగా ఆలస్యమయ్యే యెడల ఆ సంగతి ముందుగానే, ఎన్ని రోజులో కూడ చెప్పాలి. ఐదు రోజులు ఆలస్యమని తెలిసినవాడు ఏదో ఏర్పాటు చేసుకుంటాడు. "రేపు చూద్దాము" అని రోజూ విన్నవాడు ఏ ఏర్పాటూ చేసుకోలేడు.

3. చీటీలో పాల కొలత, వెన్నశాతం, ఇతర ఘనపదార్థాల శాతం, ధర, కోతలు విడివిడిగా ఉండాలి. అర్థం కాని కోత ఒక రాత్రి నిద్ర చెడగొడుతుంది.

4. దాణా బాకీని జూన్, జూలై బిల్లులలో ఒకేసారి కోయరాదు. సభ్యునితో మాట్లాడి చిన్న కంతులుగా విభజించాలి.

5. పాలు పోసే వేళ, వరుసలో పదిమంది ఎదుట, బాకీ అడగరాదు. దానికి వేరే వేళ పెట్టుకోవాలి. ఆ మాట విన్న మనిషి సాయంత్రం పాలు ఏ మనసుతో పితుకుతాడో ఆలోచించండి.

6. పరీక్షకుని, కార్యదర్శి జీతం సభ్యుల బట్వాడా రోజునే చెల్లించాలి. ముందు పాలకు ఇచ్చి, మిగిలితే జీతం అనే పద్ధతి వలన చివరికి నష్టపోయేది పాలు పోసినవారే.

7. ప్రతి సభ్యునికి ఈనిన తేదీ, ఎద తేదీ, సూది తేదీ వ్రాసుకొనే పట్టిక ఇవ్వాలి. మనసు మరచినది గోడ గుర్తుచేస్తుంది.

సభ్యులకు రెండు మాటలు

ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు అనే నాలుగు సంగతులు ఒకే కాగితం మీద వ్రాసుకోండి. చదువు రాకపోతే బడికి వెళ్ళే పిల్లల చేత వ్రాయించండి. వ్రాసినంత మాత్రాన అప్పు తీరదు. కాని పాలు పితికేటప్పుడు, మేత కోసేటప్పుడు అదే లెక్కను పదేపదే మనసులో వేసుకునే అవసరం కొంత తగ్గుతుంది. వారానికి ఒక పూట ఇంటిలో ఇద్దరూ కూర్చొని ఆ కాగితం చూడండి. చాలా ఇండ్లలో ఆవును చూచేది ఆడవారు, అప్పు తెచ్చేది మగవారు. లెక్క తెలియని దిగులు తెలిసిన దిగులు కంటే బరువు.

ఎక్కువ వడ్డీ అప్పును ముందుగా తగ్గించుకొనే దారి చూడండి. పొదుపు సంఘంలో గల అవకాశం వాడుకోండి. కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయం పంట రైతులకే కాక పశుపోషకులకు కూడ వర్తింపజేశారు. సంఘంలో పాలు పోసిన లెక్క చీటీలు భద్రపరచుకున్న యెడల బ్యాంకులో అవి మీ ఆదాయానికి ఆధారంగా చూపవచ్చు.

చివరగా పాలకవర్గం వారికి మా మనవి. మీ సంఘంలో ఎవరి పాలు తగ్గినా, ఎవరి లెక్కలో తప్పు దొర్లినా, "అజాగ్రత్త" అని తీర్మానపు పుస్తకంలో వ్రాసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ మనిషికి మనము ఇవ్వవలసినది ఇచ్చామా? ఆ ప్రశ్న మేము ఒకసారి వేసుకోలేదు. రాబోయే సమావేశపు అజెండాలో బట్వాడా తేదీని, సిబ్బంది జీతం తేదీని మొదటి అంశంగా చేర్చి తీర్మానించవలసినదిగా కోరుతున్నాము.