ఓడా? విమానమా?

మా అబ్బాయి కుటుంబం లండనులో ఉంటున్నది. మా అమ్మాయి న్యూయార్కులో ఉంటున్నది. ఈ రెండు నగరాల మధ్య అట్లాంటిక్ మహాసముద్రం ఉన్నది. ఈ మధ్యనే మా అమ్మాయికి పాప పుట్టింది. లండనులోని మా మనుమరాలికి పదేళ్లు. మేనత్త బిడ్డ నామకరణానికి వెళ్లాలని అది ఒకటే ఉబలాటపడుతున్నది.

ఒకనాడు అది ఫోను చేసి, "తాతయ్యా, నాన్న విమానంలో పోదామంటున్నారు. నేను ఓడలో పోదామంటున్నాను. నువ్వు హెడ్మాస్టరువి గదా, తీర్పు చెప్పు," అన్నది.

"తీర్పు చెప్పాలంటే ఇరుపక్షాల వాదనా వినాలి గదమ్మా! ముందు ఇద్దరం కూచుని లెక్కలు చేద్దాం," అన్నాను.

పిల్లలూ, మేము చేసిన ఆ లెక్కలు మీరు కూడా చూడండి.

లండను నుంచి న్యూయార్కుకు ఆకాశమార్గాన సుమారు 5,500 కిలోమీటర్లు. జెట్ విమానం దాదాపు ఎనిమిది గంటలలో చేరుస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ఏడు గంటలే పడుతుంది. దూరం ఒకటే గదా, గంట ఎలా తగ్గింది? అక్కడ పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తూ ఉంటుంది. వచ్చేటప్పుడు ఆ గాలి విమానాన్ని వెనకనుంచి నెడుతుంది, పోయేటప్పుడు అడ్డుపడుతుంది.

ఇక ఓడ సంగతి. ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవు నుంచి న్యూయార్కుకు ప్రయాణీకులను చేరవేసే పెద్ద ఓడ ఒకటి ఉన్నది. దాని పేరు క్వీన్ మేరీ 2. 2004లో అది మొదటిసారి ప్రయాణీకులతో బయలుదేరింది. పొడవు 345 మీటర్లు. దాదాపు 2,700 మంది ప్రయాణీకులు అందులో పడతారు. సుమారు 5,800 కిలోమీటర్ల సముద్రం దాటటానికి అది సాధారణంగా ఏడు రాత్రులు, ఏడు పగళ్లు తీసుకుంటుంది. అంటే 168 గంటలు. భాగించి చూడండి: గంటకు 35 కిలోమీటర్లు కూడా పడదు. మన ఊరి బస్సు అంతకంటె జోరుగా పోతుంది!

అంత పెద్ద ఓడకు అంత నెమ్మది ఎందుకు? చెరువులో నడుము లోతు నీళ్లలో పరుగెత్తి చూసినవారికి జవాబు తెలుసు. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు దట్టమైనది. ఓడ అడుగడుగునా ఆ నీటిని పక్కకు తోసుకుంటూ పోవాలి. విమానం తోసుకోవలసింది గాలినే. అదీగాక పది కిలోమీటర్ల ఎత్తున గాలి, నేలమీది గాలిలో మూడోవంతు మాత్రమే దట్టంగా ఉంటుంది. అందుకే విమానాలు అంత ఎత్తున ఎగురుతాయి.

ఒకప్పుడు ఈ ఓడలే మహావేగం కలవని పేరు పొందాయి. తెరచాప ఓడలకు ఇంగ్లండు నుంచి అమెరికా చేరటానికి నెలకు పైగా పట్టేది. 1838లో గ్రేట్ వెస్టర్న్ అనే ఆవిరి ఓడ 15 రోజులలో న్యూయార్కు చేరింది. 1952లో యునైటెడ్ స్టేట్స్ అనే ఓడ 3 రోజుల 10 గంటల 40 నిమిషాలలో సముద్రం దాటి అందరినీ ఆశ్చర్యపరిచింది.

కాని ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. 1958 అక్టోబరులో లండను, న్యూయార్కుల మధ్య జెట్ విమానాలు తిరగసాగాయి. రోజులు పోయి గంటలు వచ్చాయి! కొద్ది సంవత్సరాలలోనే ఓడలు ఖాళీ అయినాయి. మొదటి క్వీన్ మేరీ 1967లో పని మానుకుని కాలిఫోర్నియా తీరంలో హోటలుగా మారిపోయింది. రికార్డు నెలకొల్పిన యునైటెడ్ స్టేట్స్ కూడా 1969లో ఆగిపోయింది.

అయితే ఒక ఓడ కథ వినదగినది. 1962లో ఫ్రాన్స్ అనే ఓడ అట్లాంటిక్ మీద తిరగటం మొదలుపెట్టింది. విమానాల పోటీకి నిలవలేక 1974లో మూలబడింది. 1979లో దానిని ఇంకొకరు కొని, నార్వే అని పేరు మార్చి, వేడి సముద్రాలలో విహారానికి తిప్పసాగారు. వాళ్లు చేసిన పని ఏమిటో తెలుసా? ఓడను ముందుకు నెట్టే నాలుగు ప్రొపెల్లర్లలో రెండింటిని తీసివేశారు! వేగం తగ్గించి ఇంధనం మిగిల్చారు. విహారానికి వచ్చినవాడికి తొందర ఏమున్నది?

అప్పటి నుంచి విహారనౌకలు పెరిగిపోయాయి. వీటిలో చాలావరకు ఏ రేవులో బయలుదేరుతాయో, దారిలో రెండు మూడు రేవులు చూపించి, తిరిగి ఆ రేవుకే వస్తాయి. 2024 జనవరిలో అమెరికాలోని మయామీ నుంచి బయలుదేరిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అనే నౌక పొడవు 365 మీటర్లు. 7,600 మంది దాకా ప్రయాణీకులను మోస్తుంది. అది ఓడ అనటం కంటె తేలే ఊరు అనటం సబబు. 2022 జూన్‌లో మన విశాఖపట్నం రేవుకు కూడా ఒక విహారనౌక వచ్చింది.

ఇంతవరకు విని మా మనుమరాలు, "ఓడలో ఇంకో లాభం ఉంది తాతయ్యా! నాన్నకు విమానం దిగాక రాత్రిళ్లు నిద్ర పట్టదు," అన్నది.

ఆ మాట నిజమే. లండనులో మధ్యాహ్నం పన్నెండు గంటలయినప్పుడు న్యూయార్కులో ఉదయం ఏడు గంటలే. విమానం ఎనిమిది గంటలలో మనిషిని చేరుస్తుంది గాని, అతని ఒంట్లోని గడియారం లండనులోనే ఉండిపోతుంది. దీనినే జెట్‌లాగ్ అంటారు. పడమటికి పోయే ఓడలో అలా కాదు. అయిదు రాత్రులు గడియారాన్ని ఒక్కొక్క గంట వెనక్కు తిప్పుతారు. అంటే అయిదు రోజులకు 25 గంటల చొప్పున! శరీరం తెలియకుండానే అలవాటు పడుతుంది. కాని ఓడకు ఓడ బాధ ఉన్నది. కళ్లు గది కదలటం లేదంటాయి, లోచెవి కదులుతున్నదంటుంది. ఈ తగువు వల్ల కొందరికి తల తిరిగి, వాంతులు అవుతాయి.

ఇక ఇంధనం. నెమ్మదిగా పోయేది తక్కువ ఇంధనం తాగుతుందని మనం అనుకుంటాము. సరుకుల ఓడ విషయంలో ఇది నిజమే. విహారనౌక మాత్రం మనుషులనే గాక, వాళ్ల పడకగదులను, వంటశాలలను, భోజనశాలలను, ఈతకొలనులను కూడా మోస్తుంది. రాత్రింబవళ్లు దీపాలు వెలగాలి. అందుచేత తలకు ఇంత అని పంచి చూస్తే, అదే దూరానికి సాధారణంగా విమానం కంటె ఇటువంటి ఓడలోనే ఎక్కువ ఇంధనం ఖర్చవుతుంది. ఆ పొగ అంతా మన గాలిలోకే వస్తుంది. పెద్దలు కూడా దీనిని గుర్తుంచుకోవాలి.

చివరకు నేను అడిగాను: "మీ నాన్నకు సెలవు ఎన్ని రోజులమ్మా?"

"పదహారు."

"అయితే కాగితం మీద వెయ్యి."

అది లెక్క వేసింది. రానూపోనూ ఓడ అయితే ప్రయాణానికే 14 రోజులు. పాప దగ్గర ఉండేది 2 రోజులు. ఒకవైపు ఓడ, ఒకవైపు విమానం అయితే 8 రోజులు. రెండువైపులా విమానం అయితే 14 రోజులు.

ఫోనులో కాసేపు మాట వినిపించలేదు. ఓడ పైతట్టున నిలబడి సముద్రం చూడాలని అది ఎంత ఆశపడ్డదో నాకు తెలుసు. తరువాత మెల్లిగా, "విమానమే తాతయ్యా. పాప నన్ను గుర్తుపట్టాలంటే రెండు రోజులు చాలవు గదా," అన్నది.

"మరి ఓడ?"

"ఎక్కడికీ పోయే పని లేనప్పుడు ఎక్కుతాను!"

తీర్పు నేను చెప్పవలసిన అవసరమే రాలేదు. ఎక్కడికో చేరటం ముఖ్యమయినప్పుడు విమానం. పోవటమే ముఖ్యమయినప్పుడు ఓడ. ఏది మంచిదని అడిగేముందు, ఏ పనికి అని అడగాలి.

పిల్లలూ, మీకూ ఒక లెక్క ఇస్తున్నాను. చెన్నై నుంచి అండమాన్ దీవులకు ఓడలో సుమారు రెండున్నర రోజులు, విమానంలో సుమారు రెండు గంటలు పడుతుంది. మీ అమ్మానాన్నలకు వారం రోజుల సెలవు దొరికిందనుకోండి. మీరయితే ఎలా పోతారు, ఎలా వస్తారు? రాత్రి భోజనాల దగ్గర అందరూ కూచుని తేల్చండి.