బ్లైటీ: మన దేశం నుంచి వెళ్ళిన మాట

ఇంగ్లండువాళ్ళు తమ దేశాన్ని ముద్దుగా ‘బ్లైటీ’ అంటారు. ఇది పాఠ్యపుస్తకాల్లో కనిపించే మాట కాదు, సిపాయిల నోట నలిగిన మాట. వినడానికి అచ్చమైన ఇంగ్లీషులా ఉన్నా, అది పుట్టింది మన దేశంలోనే.

అరబీలో ‘విలాయత్’ అంటే ఒక పాలకుడి ఏలుబడిలో ఉన్న ప్రాంతం. పారశీకం ద్వారా ఆ మాట మన దేశానికి వచ్చింది. ఇక్కడివాళ్ళు దాన్ని దూరదేశాలకు, చివరకు ఇంగ్లండుకు పేరుగా వాడారు. అక్కడి మనిషైనా వస్తువైనా ‘విలాయతీ’. కొందరి నోట అది ‘బిలాయతీ’ అయింది. మన దేశంలో పనిచేసిన బ్రిటిష్ సిపాయిలు దాన్ని తమ నోటికి తగ్గట్టు ‘బ్లైటీ’గా మార్చుకున్నారు.

తెలుగులో ‘సీమ’ కథ కూడా ఇలాంటిదే. సీమ అంటే ప్రాంతం. రాయలసీమ, కోనసీమ అలా వచ్చినవే. తరువాత తెల్లవాళ్ళ దేశం కూడా ‘సీమ’ అయింది. బయటినుంచి వచ్చిన వాటికి సీమచింత, సీమవంకాయ అని పేర్లు పెట్టారు. మనం ఎండాకాలంలో ఇక్కడ ‘గంగా ఇమ్లీ’ అని కొనుక్కునే వంకర కాయలే సీమచింతకాయలు. హిందీలో వాటికి ‘విలాయతీ ఇమ్లీ’ అనే పేరు కూడా ఉంది. నిజానికి ఆ చెట్టు ఇంగ్లండుది కాదు, మెక్సికో వైపుది!

1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. బురద కందకాల్లో నెలల తరబడి ఉన్న బ్రిటిష్ సిపాయిలకు బ్లైటీ అంటే ఇల్లు, అమ్మ, వెచ్చని పడక. ప్రాణం తీయకుండా, ఇంటికి పంపక తప్పనంత గాయమైతే దాన్ని ‘బ్లైటీ’ అనేవారు. అది తగిలినవాణ్ణి చూసి తోటివాళ్ళు అదృష్టవంతుడనుకునేవారు. గాయాన్ని కూడా కోరుకున్నారంటే ఇంటిమీద ఎంత బెంగో ఆలోచించండి.

అదే యుద్ధంలో గాయపడిన భారతీయ సిపాయిల్లో చాలామందికి ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణంలో, ఒక రాజభవనాన్ని ఆసుపత్రిగా మార్చి వైద్యం చేశారు. వాళ్ళకూ ఆ దేశం విలాయతే. కాని వాళ్ళకు అది ఇల్లు కాదు, పరాయి దేశం. మాట ఒక్కటే, దేశం ఒక్కటే. ఒకరికి అది చేరవలసిన చోటు, మరొకరికి తిరిగి రావలసిన చోటు.

బదిలీల మీద తిరిగే మన ఇళ్ళలో ఈ తేడా కొత్తది కాదు. సెలవుల్లో తాతగారి ఊరికి వెళితే మనల్ని ‘భిలాయి పిల్లలు’ అంటారు. భిలాయిలోనేమో ‘ఆంధ్రావాళ్ళు’ అంటారు. రేపు మరో ఊరికి బదిలీ అయితే స్మృతి నగరే మన ఊరనిపించవచ్చు.

ఈ రోజు మీ ఇంట్లో ‘మన ఊరు ఏది?’ అని అడిగి చూడండి. అమ్మ ఒక పేరు, నాన్న ఇంకో పేరు చెప్పవచ్చు. మీకు మూడోది తోచవచ్చు. మూడూ సరైన జవాబులే.