రేపటి కెమెరా

జోస్యం చెప్పడం సైన్సు పని కాదని మీరనుకోవచ్చు. కాని రాబోయే గ్రహణం ఏ రోజున, ఎన్ని గంటలకు పడుతుందో లెక్క కట్టి చెబుతున్నాం గదా! మరి మనుషులు తయారుచేసే వస్తువుల మాటేమిటి? ఈనాడు ఇంటింటా ఫోనులో ఉన్న డిజిటల్ కెమెరా మరో పదేళ్ళకు ఎలా మారుతుందో చెప్పగలమా? కొంతవరకు చెప్పగలం. పూర్వం ఒకాయన చెప్పాడు కూడా.

అది 1975వ సంవత్సరం. అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే పాతికేళ్ళ ఇంజనీరు ఫిల్ము అక్కరలేని కెమెరా ఒకటి తయారుచేశాడు. బరువు 3.6 కిలోలు. ఫిల్ము ఉండవలసిన చోట నిలువుకు 100, అడ్డానికి 100 గళ్ళున్న చిన్న సిలికాన్ బిళ్ళ ఉంది. అంటే బొమ్మ మొత్తం 10,000 చుక్కలు. దాన్ని క్యాసెట్ టేపు మీద రాసుకోవడానికి 23 సెకన్లు పట్టేది. ఆ తరువాత టీవీ తెర మీద నలుపు తెలుపుల్లో చూసుకోవాలి.

ఇది ఫిల్ముకు సాటి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందని కంపెనీ పెద్దలు అడిగారు. చిన్నరకం ఫిల్ము కెమెరాకు దీటుగా నిలవాలన్నా 20 లక్షల చుక్కలు కావాలని సాసన్ అంచనా. సిలికాన్ బిళ్ళ మీద పట్టే భాగాల సంఖ్య దాదాపు రెండేళ్ళకొకసారి రెట్టింపవుతుందన్న గోర్డన్ మూర్ సూత్రం అతనికి తెలుసు. మీరూ లెక్క వేయండి. 10,000ను రెట్టింపు చేస్తూ పొండి: 20,000, 40,000, 80,000... ఏడోసారికి 12 లక్షల 80 వేలు, ఎనిమిదోసారికి 25 లక్షల 60 వేలు. ఎనిమిది రెళ్ళు పదహారు. సాసన్ చెప్పింది 15 నుంచి 20 ఏళ్ళు. నిజంగానే 1990ల నడుమ డిజిటల్ కెమెరాలు మామూలు జనానికి అందసాగాయి. కొడాక్ మాత్రం ఫిల్మునే నమ్ముకుని, చివరికి 2012లో దివాలా రక్షణ కోరింది. జోస్యం వినడం వేరు, దాని ప్రకారం నడుచుకోవడం వేరు!

ఇంతకీ ఆ లెక్క ఎందుకు ఫలించింది? ఆనాడు చుక్కల సంఖ్యకు అడ్డుపడింది మన పనితనం, ప్రకృతి కాదు. పనితనం ఏటేటా మెరుగవుతుంది. ప్రకృతి నియమం మెరుగవదు. అందుచేత రేపటి కెమెరా గురించి చెప్పేముందు, ప్రకృతి ఎక్కడ గిరి గీసిందో చూడాలి.

కెమెరాలోని కటకం ప్రతిబింబాన్ని సిలికాన్ బిళ్ళ మీద పడవేస్తుంది. ఈ బిళ్ళనే సెన్సర్ అంటారు, అందులోని గడిని పిక్సెల్ అంటారు. కాంతి ఫోటాన్లనే కణాలుగా వచ్చిపడి సిలికాన్‌లో ఎలక్ట్రాన్లను విడిపిస్తుంది. ఏ గడిలో ఎన్ని ఎలక్ట్రాన్లు చేరాయో లెక్కపెడితే అక్కడ వెలుగు ఎంతో తెలుస్తుంది.

తొలకరి చినుకులు మొదలైనప్పుడు రెండు పలకలు ఆరుబయట పక్కపక్కన పెట్టి, క్షణం తరువాత తీసి, తడి చుక్కలు లెక్కపెట్టండి. ఒకదాని మీద 7 ఉంటే ఇంకొకదాని మీద 12 ఉండవచ్చు. ఒకటే వాన గదా, తేడా ఎందుకు? చినుకులు కొలత వేసుకుని పడవు. సగటున 100 పడేచోట అటూ ఇటూ 10 తేడా రావడం మామూలు. 10,000 పడేచోట 100 తేడా వస్తుంది. అంటే తేడా వర్గమూలాన్ని బట్టి ఉంటుందన్నమాట. మొదటిచోట అది నూటికి పది, రెండోచోట నూటికి ఒకటి మాత్రమే. కాంతి కణాలదీ ఇదే తీరు. రాత్రివేళ తీసిన ఫొటోలో ఇసుక చల్లినట్టు కనిపించే గరుకు చాలావరకు ఇందువల్ల వచ్చిందే. ఎంత గొప్ప కంపెనీ అయినా దీన్ని తీసిపారేయలేదు.

మరి మార్గం? పలక బదులు చాప పరవడమే. వృత్తి ఫొటోగ్రాఫర్లు వాడే పెద్దరకం కెమెరా సెన్సర్ పొడవు 36, వెడల్పు 24 మిల్లీమీటర్లు. మంచి ఫోనులో అది సుమారు 10, 7.5 ఉంటుంది. వైశాల్యాలు కట్టి చూడండి, పదకొండు రెట్లకు పైగా తేడా. 2010లో ప్రపంచమంతటా 12 కోట్ల డిజిటల్ కెమెరాలు కర్మాగారాలు దాటి వెళ్ళాయి. 2023లో 80 లక్షలకు లోపే. జేబులో పట్టే చిన్న కెమెరాలను ఫోను దాదాపు మింగేసింది. పెద్ద చాప అవసరమైన వాళ్ళ కోసం పెద్ద కెమెరా మిగిలింది, ఇకముందూ ఉంటుంది.

ప్రకృతి గీసిన రెండో గిరి ఇంకా గట్టిది. కాంతి తరంగం కూడా. చిన్న రంధ్రం గుండా పోతే అది పక్కలకు పరుచుకుంటుంది. దీన్ని వివర్తనం అంటారు. ఎంత నిర్దోషమైన కటకమైనా నక్షత్రం వంటి బిందువును బిందువుగా చూపలేదు, చిన్న బిళ్ళగానే చూపుతుంది. ఆకుపచ్చ కాంతికి, ఫోను కటకంలో ఆ బిళ్ళ వ్యాసం సుమారు 2.4 మైక్రాన్లు. ఇప్పటి 200 మెగాపిక్సెళ్ళ ఫోనులో ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.6 మైక్రాన్. ఒక్క వెలుగు చుక్క నాలుగు పిక్సెళ్ళ వెడల్పున పరుచుకుంటున్నదన్నమాట! అందుకే అలాంటి ఫోను మామూలుగా పదహారేసి పిక్సెళ్ళను ఒకటిగా కలిపేసి 12.5 మెగాపిక్సెళ్ళ బొమ్మే ఇస్తుంది. రేపు 1,000 మెగాపిక్సెళ్ళ ఫోను అంటూ ప్రకటన వస్తే ఈ లెక్క గుర్తుచేసుకోండి. నిజంగా అన్ని చుక్కలు పనికిరావాలంటే కటకమూ సెన్సరూ పెరగాలి. చిలీ దేశంలోని వేరా రూబిన్ వేధశాల కెమెరాకు 3,200 మెగాపిక్సెళ్ళున్నాయి. 2025 జూన్‌లో దాని తొలి చిత్రాలు విడుదలయ్యాయి. దాని సెన్సర్ల పళ్ళెం వెడల్పు 64 సెంటీమీటర్లు. కెమెరా బరువు మూడు టన్నులకు కాస్త తక్కువ. ముందున్న అద్దం 8.4 మీటర్లు.

ఇక మన పనితనం వల్ల మాత్రమే ఆగి ఉన్నవేమిటి? పగటి వెలుతురులో తిరుగుతున్న సీలింగ్ ఫ్యానును ఫోనుతో ఫొటో తీయండి. రెక్కలు వంకరగా కనిపించవచ్చు. సెన్సర్ గళ్ళన్నీ ఒకేసారి చదవబడవు, పై వరుస నుంచి కిందికి ఒకదాని తరువాత ఒకటిగా చదవబడతాయి. అందుకు 20 మిల్లీసెకన్లు పట్టిందనుకుందాం. నిమిషానికి 300 చుట్లు తిరిగే ఫ్యాను రెక్క ఆలోగా 36 డిగ్రీలు జరిగిపోతుంది. అన్ని గళ్ళనూ ఒకే క్షణాన ఆపాలంటే ప్రతి గడికీ ఎలక్ట్రాన్లను దాచుకునే అర ఒకటి కావాలి. 2023 నవంబరులో సోనీ కంపెనీ అలాంటి పెద్ద సెన్సర్ కెమెరాను ప్రకటించింది. ఫోను పిక్సెల్‌లో అంత చోటు లేదు. కాని కాంతి పట్టే గది మేడ మీద, దాచుకునే అర కింద అన్నట్టు బిళ్ళలను దొంతరగా పేర్చడం వచ్చేసింది. కనుక ఇది ఫోనుల్లోకీ దిగుతుందని నా నమ్మకం. ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే సెన్సర్లూ ఉన్నాయి. ఇంకా వాటి ధర ఎక్కువ.

అన్నిటికన్నా ఎక్కువ మారబోయేది మాత్రం కెమెరా లోపలి లెక్క. చినుకుల ఉపాయం గుర్తుందా? పెద్ద చాప లేకపోతే చిన్న పలకనే పదహారుసార్లు పెట్టి సగటు తీయవచ్చు. గరుకు నాలుగో వంతుకు తగ్గుతుంది. ఫోనులో రాత్రి ఫొటో తీసేటప్పుడు కదలకుండా పట్టుకోమనేది ఇందుకే. అది వరుసగా ఎన్నో బొమ్మలు తీసి, సరిపెట్టి, కలుపుతుంది. ఇందులో మోసమేమీ లేదు.

ఊహించడం కూడా కెమెరాకు కొత్త కాదు. సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ మీద ఆకుపచ్చ, ఎరుపు, నీలం జల్లెడల్లో ఏదో ఒకటే ఉంటుంది. ఈ అమరికకు 1976లో కొడాక్‌కే చెందిన బ్రైస్ బేయర్ పేటెంటు పొందాడు. మిగతా రెండు రంగులను ఇరుగుపొరుగు పిక్సెళ్ళను చూసి లెక్కకడతారు. మీ ఫొటోలోని రంగుల్లో మూడింట రెండు వంతులు అంచనాయే! కాని ఆ అంచనా అదే దృశ్యం నుంచి వచ్చింది. ఇప్పుడు వస్తున్నది మరో రకం. కంప్యూటర్‌కు లక్షలాది ఫొటోలు చూపి తర్ఫీదు ఇస్తారు. తరువాత మసక దృశ్యం ఎదురైతే, ఇలాంటిచోట మామూలుగా ఏముంటుందో దాన్నే నింపుతుంది. 2023లో ఒకరు చంద్రుడి బొమ్మను కావాలనే మసకచేసి తెర మీద పెట్టి ఫోనుతో తీస్తే, తెర మీద లేని వివరాలు ఫొటోలో వచ్చాయి.

పుట్టినరోజు ఫొటోకు దీనివల్ల నష్టం లేదు. కాని మైక్రోస్కోపు కింద ఉల్లిపొర కణాలను ఫోనుతో తీసి రికార్డులో అంటించే విద్యార్థి మాటేమిటి? ఆకు మీది మచ్చను పంపి ఇదేం తెగులని అడిగే రైతు మాటేమిటి? కోర్టులో సాక్ష్యంగా పెట్టిన ఫొటో మాటేమిటి? అక్కడ ఏముందో కావాలి, మామూలుగా ఏముంటుందో కాదు. అందుకని కొన్ని కంపెనీలు ఫొటో తీసిన క్షణానే దానికి ఒక రహస్య సంకేతపు ముద్ర వేసే పద్ధతి తెచ్చాయి. తరువాత ఎవరైనా మార్పు చేస్తే ముద్ర చెడుతుంది. 2023 అక్టోబరులో లైకా కంపెనీ ఈ ముద్రను కెమెరాలోనే పెట్టింది. ముందుముందు ఇది చాలా ఫోనుల్లోకి వస్తుందని చెప్పడానికి జోస్యం అక్కరలేదు. అయితే కటకం ముందు పెట్టిందే నకిలీ అయితే ముద్ర ఏం చేస్తుంది?

మీ ఇంటి ఫోను ఏం చేస్తుందో మీరే పరీక్షించవచ్చు. నల్లని అట్ట మీద సుద్దతో రూపాయి బిళ్ళంత తెల్లని గుండ్రం గీసి, వేలితో కాస్త చెరపండి. అసలు చంద్రుడి మీద లేని నిలువు గీత ఒకటి దాని మీద పెట్టండి. చీకటి గదిలో అట్టను గోడకు ఆనించి, దాని మీద మాత్రమే టార్చి వెలుగు పడనిచ్చి, పది అడుగుల దూరం నుంచి జూమ్ చేసి తీయండి. రాత్రి ఫొటోల పద్ధతి ఉంటే ఒకసారి దానితో, మరోసారి అది లేకుండా తీయండి. అసలు అట్టనూ రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి, మీరు గీసిన గీత ఉందో లేదో, మీరు గీయని మచ్చ ఏదైనా వచ్చిందో చూసి రాసుకోండి. ఏ తేడా కనిపించకపోతే అదీ రాయండి.