నొప్పులకు కాస్త టైమివ్వండి

నెలలు నిండిన అమ్మాయి కనిపిస్తే 'డెలివరీ ఎప్పుడమ్మా?' అనేవాళ్ళం. ఇప్పుడు సికింద్రాబాద్‌లో 'ముహూర్తం ఎప్పటికి పెట్టించారు?' అని అడుగుతున్నారు! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా సిజేరియన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లోనైతే 81. దేశం మొత్తమ్మీద 21. మన ఆడవాళ్ళ ఒళ్ళే వేరా ఏమిటి?

గర్భాశయ ముఖద్వారం గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్నది పాత లెక్క. ఆ వేగం లేకపోతే 'నొప్పులు సాగడం లేదు' అని ఆపరేషన్‌కి సిద్ధం చేసేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఆ లెక్కని పక్కన పెట్టమంది. 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు నొప్పులట. తొలికాన్పుకి అక్కణ్ణుంచి 12 గంటలు పట్టినా, తల్లీబిడ్డా బాగుంటే కంగారు అక్కర్లేదు.

ఇంకోటి, అమ్మలకు నచ్చే సంగతి. 15 వేలమందికి పైగా తల్లులపై జరిగిన 26 పరిశోధనలను 2017లో కలిపి చూశారు. నొప్పులప్పుడు పక్కన మనిషి తోడున్నవాళ్ళలో సిజేరియన్లు తగ్గాయి. నడుం నిమరడం, ధైర్యం చెప్పడం... మన మంత్రసానులు చేసిందీ అదేగా! 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైందీ ఇందుకే.

మాయ అడ్డుపడినా, బిడ్డ గుండె చప్పుడు తగ్గినా సిజేరియనే ప్రాణం నిలుపుతుంది. అప్పుడు వద్దనకండి. కానీ ఏడో నెలలోనే డాక్టర్ని అడిగి ఉంచుకోండి: నొప్పులప్పుడు మా అమ్మని లోపలికి రానిస్తారా?