క్రీడా పాదరక్షల బాహ్యరూపానికి డిజైను రక్షణ

ఈ భాగం చదివే ముందు మీ ఇంట్లో ఉన్న స్పోర్ట్స్ షూ ఒకటి ఎదురుగా పెట్టుకోండి. పాతదైనా ఫరవాలేదు. చేత్తో తడమకుండా కళ్లతో మాత్రమే చూడండి. పక్కల వంపు తిరిగిన పట్టీలు, జల్లెడలాంటి మెష్ గుడ్డ, మడమ వెనుక కుట్టిన ముక్క, సోల్ అంచున గీతలు కనబడతాయి. డిజైను చట్టం పట్టించుకునేది వీటినే. సోల్ ఎంత మెత్తగా ఉంది, ఎన్నాళ్లు మన్నుతుంది అన్నవి దానికి అనవసరం. కొత్త రకం కుషనింగ్ కనిపెట్టినవారు పేటెంటుకు వెళ్లాలి. షూ మీది పేరుకూ గుర్తుకూ ట్రేడ్‌మార్కు ఉంది.

మన దేశంలో 2001 మే 11 నుంచి అమలులో ఉన్న డిజైనుల చట్టం, 2000 ప్రకారం ఆకారం, అమరిక, నమూనా, అలంకరణ, గీతల లేదా రంగుల కూర్పు, ఇవి తయారైన వస్తువులో కంటికి నచ్చేవిగా ఉంటే నమోదుకు అర్హం. కేవలం యాంత్రిక సాధనం అయినదానికి ఆ అర్హత లేదు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆటల షూలో ఊరికే అలంకారంగా ఉండే ముక్క ఏది? మెష్ గాలి ఆడనిస్తుంది, పక్క పట్టీ లేసు రంధ్రాలకు బలమిస్తుంది. అలాంటప్పుడు ఇదంతా ఉపయోగమే గాని అలంకరణ కాదని అనుకరించినవాడు వాదించడా? సరిగ్గా ఇదే వాదన అమెరికాలో ఎల్.ఏ. గేర్, థామ్ మెకాన్ వివాదంలో వచ్చింది. 1993లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. ముక్కలను విడదీసి ఒక్కొక్కదాని ప్రయోజనం అడగడం కాదు, మొత్తం రూపాన్ని ఆ ప్రయోజనమే శాసించిందా అని చూడాలన్నది. అదే పని చేసే షూను ఇంకెన్నో రూపాల్లో చేయగలిగినప్పుడు, ఈ ఒక్క రూపం ఎంచుకోవడం తయారీదారు అభిరుచే అవుతుంది. మీ ఎదుట ఉన్న షూను మరోసారి చూస్తే ఈ తర్కం సులభంగా బోధపడుతుంది.

రెండో పరీక్ష కొత్తదనం. చిన్న తయారీదారులు ఎక్కువగా దెబ్బతినేది దీనివల్లే అని మా అభిప్రాయం. దరఖాస్తు తేదీకి ముందు భారతదేశంలో గాని, మరే దేశంలో గాని ఆ డిజైను ప్రచురణ ద్వారా లేదా వాడకం ద్వారా బయటపడి ఉండకూడదు. అది తయారీదారు స్వయంగా పెట్టిన ఫొటో అయినా సరే. క్రాక్స్ కంపెనీ అనుభవం చూడండి. అవి ఆటల షూలు కావు గాని సూత్రం ఒకటే. మన దేశంలో నమోదైన తన డిజైనును అనుకరించారంటూ ఆ కంపెనీ ఇక్కడి చెప్పుల కంపెనీలపై దావాలు వేసింది. అలాంటి రూపం నమోదుకు ముందే బయటికి వచ్చిందని ప్రాథమికంగా భావించి, 2018లో ఢిల్లీ హైకోర్టు తాత్కాలిక నిషేధం ఇవ్వలేదు. అమెరికాలో సొంతంగా బయటపెట్టుకున్నా దరఖాస్తుకు ఏడాది గడువు ఉంటుంది. మన చట్టంలో అలాంటి సాధారణ గడువు లేదు. నోటిఫై చేసిన ప్రదర్శనలో చూపదలిస్తే ముందుగా కంట్రోలరుకు తెలియజేసి, ఆరు నెలల్లోగా దరఖాస్తు చేయాలి.

రక్షణ కాలం పదేళ్లు, పొడిగింపుతో మరో అయిదేళ్లు. ఉల్లంఘించినవారి నుంచి ఒక్కో ఉల్లంఘనకు 25,000 రూపాయల వరకు, ఒక డిజైనుకు మొత్తం 50,000 రూపాయలకు మించకుండా రాబట్టవచ్చు. పెద్ద కంపెనీకి ఇది చిల్లర డబ్బే. అందువల్ల హక్కుదారులు సాధారణంగా రెండో దారి పట్టి, నష్టపరిహారంతో పాటు అమ్మకం ఆపే నిషేధాజ్ఞ కోరతారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఒక తయారీదారు కొత్త షూ ఫొటోను జనవరిలో వాట్సాప్‌లో డీలర్లందరికీ పంపి, మార్చిలో నమోదుకు దరఖాస్తు చేశాడు. పోటీదారు ఈ నమోదును రద్దు చేయమని ఏ ఆధారంపై కోరవచ్చు? డీలర్లు ఆ విషయం రహస్యంగా ఉంచుతామని ముందే రాసి ఇచ్చి ఉంటే మీ జవాబు మారుతుందా?