పాస్‌వర్డ్ నా దగ్గర... పంచాయితీ నది దగ్గర!

శనివారం రాత్రి పదకొండున్నర. పది నిమిషాల తేడాతో నా ఫోన్‌కి రెండు మెయిళ్ళొచ్చాయి. ఒకటి మా సంస్థ ఛైర్మన్ నుంచి, రెండోది కార్యదర్శి నుంచి. ఇద్దరికీ కావాల్సింది ఒక్కటే: సభ్యుల పేర్లు, మెయిల్ ఐడీలు ఉన్న జాబితా. అదీ తెల్లారేలోపు. చివర్లో ఇద్దరూ రాసిన మాట కూడా ఒకటే: 'సంస్థ మేలు కోసం.'

ఆ జాబితా పాస్‌వర్డ్ నా దగ్గరుంది. ఎందుకంటే ఆ సంస్థలో వెబ్‌సైట్ అంటే భయపడనివాణ్ణి నేనొక్కణ్ణే. సాఫ్ట్‌వేర్ వాడంటే ప్రింటర్ దగ్గర్నుంచి పెళ్ళి వీడియో దాకా అన్నీ వచ్చని మన చుట్టాలు అనుకుంటారు చూడండీ, ఇంగ్లండ్‌లో కూడా అంతే!

పట్టి వదిలేయడమేంట్రా?

మాది రాజమండ్రి. చిన్నప్పుడు తాతయ్యతో కాలవ గట్టు మీద కూర్చుని గాలం వేసిన అలవాటు. ఉద్యోగం కోసం దక్షిణ ఇంగ్లండ్ వచ్చాక, వీకెండ్ ఏం చేయాలో తోచక ఒక చిన్న నది పక్కన నడుస్తుంటే గాలాలు పట్టుకున్న మనుషులు కనిపించారు. అలా పరిచయమైంది ఆ సంస్థ. పేరు చెప్పను. గాలం వేసేవాళ్ళే నదిని కాపాడుకోవాలని పెట్టుకున్న ఒక చిన్న ఛారిటీ అది. కొన్ని వందల మంది సభ్యులు, ఏడాదికి కొద్దిపాటి చందా.

ఇక్కడ గాలం వేయాలన్నా లైసెన్సు కావాలి. 13 ఏళ్ళు దాటితే అది తప్పనిసరి. నదుల్లో ట్రౌట్, సాల్మన్ జాతులు కాని చేపలకి మార్చి 15 నుంచి జూన్ 15 వరకూ సెలవులు. గుడ్లు పెట్టే కాలమని ఆ మూడు నెలలూ వాటి జోలికి వెళ్ళరు. జూన్ 16 తెల్లవారుజామున మాత్రం గట్టు మీద సంక్రాంతే. పట్టిన బార్బెల్‌ని చూసుకుని, ఫొటో తీసుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. బార్బెల్ అంటే మన శీలావతి, బొచ్చెల కుటుంబానికే చెందిన చేప.

వీడియో కాల్‌లో ఇది చూసి మా అమ్మ నోరెళ్ళబెట్టింది. "పట్టిన చేపని వదిలేయడమేంట్రా? దానికోసం అంత దూరం వెళ్ళాలా?" అంది. పుస్తెలమ్మైనా పులస తినమనే ఊళ్ళో పుట్టిన మనిషికి నేనేం చెప్పను!

మూడు నిమిషాల తన్నుడు

అసలు పని చేపలు పట్టడం కాదు, పురుగుల్ని లెక్కపెట్టడం. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, వలని ప్రవాహానికి అడ్డంగా పెట్టి, దానికి ఎగువన నది అడుగుని మూడు నిమిషాలు కాలితో కెలకాలి. ఆ తర్వాత ఒక నిమిషం చేత్తో రాళ్ళు తిరగేసి చూడాలి. వలలో పడ్డవాటిని తెల్ల ట్రేలో పోసి, మేఫ్లై, స్టోన్‌ఫ్లై, క్యాడిస్ లాంటి ఎనిమిది రకాల నీటి పురుగుల్ని లెక్కేస్తాం. బ్రిటన్‌లో ఎన్నో నదుల మీద వాలంటీర్లు ఈ పద్ధతి పాటిస్తున్నారు.

ఎందుకంటే కాలుష్యం వచ్చినప్పుడు మొదట పోయేవి ఈ పురుగులే. నీళ్ళు తేటగా కనిపిస్తున్నా సరే, ట్రే అబద్ధం చెప్పదు. ప్రతి చోటుకీ పర్యావరణ సంస్థతో కలిసి ఒక కనీస స్కోరు ముందే పెట్టుకుంటారు. దానికంటే తగ్గితే మళ్ళీ శాంపిల్ తీయాలి, అప్పటికీ తక్కువే ఉంటే వెంటనే ఆ సంస్థకి కబురు పంపాలి. ఈ పని నాకు నేర్పింది మా కార్యదర్శే. డెబ్భై దాటిన పెద్దాయన. ఆయన ఎవరి పక్షాన ఉన్నాడన్నది నాకెంత ముఖ్యమో ముందు ముందు మీకే అర్థమవుతుంది.

చందా పవర్ ఇదీ

'పురుగుల లెక్కకీ, గొడవలకీ అంత సీనేంటి?' అనుకుంటున్నారా? చిన్న చరిత్ర చెబుతా. 1948లో జాన్ ఈస్ట్‌వుడ్ అనే న్యాయవాది, గాలం వేసేవాళ్ళని కూడగట్టి ఒక సంఘం పెట్టాడు. ఐడియా సింపుల్. నదిని పాడుచేసే కంపెనీ మీద ఒక్కడు కేసు వేయలేడు. వేలమంది తలా కొంచెం చందా వేస్తే? వేయొచ్చు.

1950ల మొదట్లో డెర్బీలో అదే జరిగింది. ఒక స్థానిక ఫిషింగ్ క్లబ్ ఏకంగా ముగ్గురి మీద కోర్టుకెళ్ళింది. ఒకటి పెద్ద ఫ్యాక్టరీ, రెండోది మురుగునీరు వదిలే నగరపాలక సంస్థ, మూడోది వేడినీళ్ళు వదిలే విద్యుత్ సంస్థ. వెనక ఈ సంఘం అండ ఉంది. అప్పీలు కోర్టు కూడా క్లబ్ వైపే తీర్పిచ్చింది.

2009లో ఆ సంఘం మరికొన్ని సంస్థలతో కలిసింది. దాని న్యాయ పోరాటాన్ని కొనసాగిస్తున్నదే ఇప్పటి ఫిష్ లీగల్. నీటి కంపెనీలు పర్యావరణ సమాచారాన్ని అడిగినవాళ్ళకి ఇవ్వాల్సిందేనని 2015లో ట్రిబ్యునల్‌లో గెలిచింది కూడా వాళ్ళే. చందా కట్టేవాడికి నమ్మకం ఉంది కాబట్టే ఇదంతా సాధ్యమైంది. ఆ నమ్మకం పోతే లాయరూ ఉండడు, లెక్కలూ ఉండవు.

ఛైర్మన్ వర్సెస్ కార్యదర్శి

మా గొడవ ఒక గట్టు కోసం మొదలైంది. నది పక్కన కొంత స్థలం లీజుకొస్తోందని తెలిసి, సంస్థ దాచుకున్న డబ్బుతో తీసేసుకుందామన్నాడు ఛైర్మన్. ఆలస్యమైతే వేరేవాళ్ళు ఎగరేసుకుపోతారని ఆయన కంగారు. ట్రస్టీలందరూ కూర్చుని తీర్మానం చేయకుండా అడ్వాన్స్ ఎలా కడతారని కార్యదర్శి అడ్డం తిరిగాడు. నిజం చెప్పాలంటే ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

ముగ్గురు ట్రస్టీలు రాజీనామా చేశారు. మిగిలినవాళ్ళతో కోరం ఉందా లేదా అన్నది ఇంకో గొడవ. 'నువ్వు ఛైర్మన్‌వే కాదు' అని ఒకరు, 'నువ్వు కార్యదర్శివే కాదు' అని ఇంకొకరు. వాట్సాప్ గ్రూపులో అంతకుముందు బార్బెల్ ఫొటోలు వచ్చేవి, ఇప్పుడు స్క్రీన్‌షాట్లు. ఛారిటీ కమిషన్‌కి ఫిర్యాదు చేద్దామన్నారు కొందరు. కానీ లోపలి తగాదాలు ట్రస్టీలే తేల్చుకోవాలనేది మామూలుగా ఆ కమిషన్ వైఖరి.

మరోపక్క నా స్క్రీన్ మీద చందాలు ఒక్కొక్కటే రద్దవుతున్నాయి. ఎవరూ తిట్టలేదు, ఉత్తరం రాయలేదు. చప్పుడు లేకుండా వెళ్ళిపోతున్నారు. అరిచే సభ్యుడికి ఇంకా ఆశ ఉన్నట్టు. అరవకుండా వెళ్ళిపోయేవాణ్ణి చూస్తేనే భయమేసింది.

ఆ శనివారం రాత్రి పెద్దాయనకి జాబితా పంపేద్దామనే కూర్చున్నా. ఫైల్ అటాచ్ చేశా. మనసు ఆయన వైపే లాగుతోంది. సరిగ్గా అక్కడే వేలు ఆగింది. ఆఫీసులో ప్రొడక్షన్ డేటా కావాలంటే ఎంత మంచి ఫ్రెండ్ అడిగినా ఆమోదం లేకుండా ఇవ్వను కదా! సభ్యులు తమ వివరాలిచ్చింది సంస్థకి, ఆయనకో ఈయనకో కాదు. పైగా ఇక్కడ డేటా రక్షణ చట్టం కూడా గట్టిదే.

ఇద్దరికీ ఒకే జవాబు రాశా: "జాబితా ఎవరికీ ఇవ్వను. మీ ఇద్దరి వాదనా పక్కపక్కన పెట్టి, ఒకే మెయిల్‌లో సభ్యులందరికీ నేనే పంపుతా." ఛైర్మన్‌కి కోపమొచ్చింది. పెద్దాయన మాత్రం "నీ దగ్గర్నుంచి ఇది అనుకోలేదు" అని ఒక్క ముక్క రాశాడు. ఆ ముక్కే ఎక్కువ గుచ్చుకుంది.

తొమ్మిది రోజులు

కథ ఇక్కడ ఆపేస్తే నేను హీరోనే. కానీ ఆగలేదు.

ఆ నెలలోనే ఒక వాలంటీర్ ఎప్పట్లాగే దిగువ పాయింట్ దగ్గర శాంపిల్ తీసింది. స్కోరు కనీసం కంటే తక్కువొచ్చింది. మళ్ళీ తీయమని చెప్పాల్సిన సమన్వయకర్త రాజీనామా చేసి ఉన్నాడు. ఆమె రిజల్టు సంస్థ ఉమ్మడి మెయిల్‌కి పంపింది. దాని పాస్‌వర్డ్ ఛైర్మన్ మార్చేశాడు, కార్యదర్శికి తెరుచుకోదు. ఛైర్మనేమో లీజు మెయిళ్ళ హడావుడిలో దాన్ని చూడలేదు. తొమ్మిది రోజులు ఆ మెయిల్ అలాగే ఉండిపోయింది.

మరి నేను? ఆ మెయిల్‌కి రికవరీ నంబర్ నాదే. ఒక్క నిమిషంలో తెరవగలను. 'మనకెందుకు, తటస్థంగా ఉందాం' అని ముట్టుకోలేదు. జాబితా ఇవ్వకపోవడం సరైన పనే. శాంపిళ్ళు ఎవరు చూస్తున్నారని ఒక్కమాట అడక్కపోవడం మాత్రం నా తప్పే.

పదోరోజు రెండో శాంపిల్ తీశాం. స్కోరు ఇంకా తక్కువే. పర్యావరణ సంస్థకి చెప్పాం, వాళ్ళొచ్చి చూశారు. కానీ అప్పటికే కారణం ఏదైనా నీళ్ళతో పాటే కొట్టుకుపోయింది. ఎవరు ఏం వదిలారో తేలలేదు.

ఆ రాత్రి రెండు వాదనలతో పాటు మూడో కాగితం కూడా సభ్యులందరికీ పంపా. అందులో వాదన లేదు, తేదీలే. శాంపిల్ ఎప్పుడు తీశారు, మెయిల్ ఎప్పుడొచ్చింది, ఎప్పుడు తెరిచారు, అంతే. నేను చూడగలిగి కూడా చూడలేదని చివర్లో ఒక లైన్ రాశా.

ఊరి హాల్లో ఆదివారం

మా నియమావళిలో పదోవంతు సభ్యులు సంతకం పెడితే ప్రత్యేక సమావేశం పెట్టాల్సిందేనని ఉంది. అంతకు మించే పెట్టారు. ఆదివారం ఊరి హాల్లో కుర్చీలు చాల్లేదు. ఛైర్మన్ లీజు గురించి, కార్యదర్శి తీర్మానం గురించి చెరో ఇరవై నిమిషాలు మాట్లాడారు. అప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచి అడిగింది: "ఆ తొమ్మిది రోజులూ నదిని ఎవరు చూశారు?"

హాలు మొత్తం నిశ్శబ్దం. ఇద్దరూ తలలు దించుకున్నారు. నేనూ దించుకున్నా.

ఆ తర్వాత పని చకచకా జరిగింది. కొత్త ట్రస్టీలని ఎన్నుకున్నారు. పాత ఇద్దరూ పోటీ చేయలేదు. ఖర్చుకి ఇద్దరి సంతకం. ప్రతి పాస్‌వర్డూ కనీసం ఇద్దరి దగ్గర. సమావేశం వివరాలు వారంలోపు సభ్యులకి. శాంపిల్ రిజల్టులు నేరుగా అందరికీ కనిపించే పేజీలో. గొడవలో ఎవరున్నా సరే పురుగుల లెక్క ఆగకూడదన్నది మొదటి రూలు.

మన సంఘాల్లోనూ ఇవే అడగండి

అపార్ట్‌మెంట్ అసోసియేషన్, గుడి కమిటీ, విదేశాల్లో తెలుగు సంఘం... మనకి చీలికలు కొత్తేం కాదు. గొడవ మొదలైనప్పుడు 'ఎవరు మంచోడు?' అని అడుగుతాం. దానికంటే ఇవి అడగడం మేలు. అసలు పని ఈ వారం ఎవరు చూస్తున్నారు? డబ్బుకి ఎన్ని సంతకాలు కావాలి? పాస్‌వర్డులు ఎవరి దగ్గరున్నాయి? సమావేశం పిలిచే హక్కు నియమావళిలో ఎవరికుంది? ఏపీ, తెలంగాణల్లో రిజిస్టరైన సొసైటీ అయితే, కార్యవర్గంలో తగాదా వచ్చినప్పుడు సభ్యుడు మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకి గానీ వెళ్ళొచ్చని 2001 నాటి చట్టంలో ఉంది.

మా దగ్గర వెళ్ళిపోయినవాళ్ళంతా తిరిగి రాలేదు. ఛైర్మన్, పెద్దాయన ఇప్పటికీ మాట్లాడుకోరు. ఒకరు పై గట్టున కూర్చుంటే ఇంకొకరు కింది గట్టున. పెద్దాయన నాతో కూడా చాలా రోజులు ముభావంగానే ఉన్నాడు. పోయిన నెల శాంపిల్ తీస్తుంటే పక్కకొచ్చి ట్రేలోకి తొంగిచూసి, "ఆ మూలన ఇంకో స్టోన్‌ఫ్లై ఉంది, లెక్కలో వదిలేశావ్" అన్నాడు.

రాసుకున్నా. ఒకటి పెరిగింది.